మామ ఊపిరి గుర్తులు

మా ఇంట్లో కంప్యూటర్‌ను నోరారా తిట్టిన మొదటి మనిషి మా మామ. అప్పటిదాకా అది నా ఆఫీసు పనికీ, కరెంటు బిల్లు కట్టడానికీ ఉపయోగపడే వస్తువు. దాన్ని తిట్టొచ్చన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆయన కట్టిన వరుసను నేను అందులో రాసి మొదటిసారి వినిపించిన సాయంత్రం ఆయన మంచం దిగి వచ్చాడు. దాని ఎదురుగా నిలబడి, బ్యాండులో కొత్తగా చేరినవాణ్ణి అడిగినట్టే అడిగాడు.

"ఎవలు సచ్చిన్రని గంత సప్పగ వాయిస్తున్నవ్?"

కంప్యూటర్ ఏం చెబుతుంది పాపం. ఆయన నావైపు తిరిగాడు. ఇక ఆ పూట తిట్లన్నీ నాకే.

మామ పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఆయన తండ్రి, తాత పాతబస్తీలోనే ఒక గుడిలో సన్నాయి సేవ చేశారు. ఈయన కూడా చిన్నప్పుడు సన్నాయే పట్టాడు గానీ, మీసాలు మొలవగానే బ్యాండువాళ్ళ జరీ అంచు ఎర్ర కోటు మీద మనసు పడింది. "కోటు కోసం దేవుణ్ణి ఇడిసిపెట్టిండు" అని అత్తమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. దేవుడు మాత్రం దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేడు. ఆ కోటులోనే మామ ఇల్లు కట్టాడు, పిల్లల్ని చదివించాడు, పొట్ట పెంచాడు, కోటును రెండుమూడుసార్లు విప్పి కుట్టించాడు.

నేను కోడలిగా వచ్చేసరికే పెళ్ళిళ్ళలో ఆయన పేరు ఒక్క పాటతో మోగిపోతుండేది. సాగనంపే పాట. పెళ్ళంతా అయ్యాక ఆడపిల్లను కారెక్కించేటప్పుడు వాయించేది. అది ఏ సినిమాలోదీ కాదు. తన చెల్లెలి పెళ్ళిలో వాయించడానికి మామే కట్టుకున్నాడు. "ఏడుపొస్తే పీపీ పలుకది బిడ్డా. ఏడ్వకుండ ఉండనీకి ఏదో ఒకటి వాయించాలె గదా" అని నాతో చెప్పాడొకసారి. అక్కణ్ణుంచి ఆ వరుస ఊళ్ళోవాళ్ళందరి చెల్లెళ్ళకూ పనికొచ్చింది.

ఆ పాటకు వాళ్ళ బ్యాండులో ఒక కట్టుబాటు ఉంది. పెళ్ళికూతురు గడప దాటగానే డ్రమ్ములు, బాకాలు అన్నీ ఆగిపోవాలి. క్లారినెట్ ఒక్కటే మోగాలి. వాయించేవాడు పెళ్ళికూతురికి వీపు చూపకూడదు. ఆమె ముఖానికి ఎదురుగా ఉండి, వెనక్కి వెనక్కి నడుస్తూ కారు దాకా తీసుకుపోవాలి. మా గల్లీల్లో వెనక్కి నడవడమంటే మాటలా? మోరీ కాలవలు, స్కూటర్లు, మధ్యలో కట్టేసిన మేకలు. మామ ఎన్నడూ తూలింది లేదు. పిల్ల నాలుగడుగులు వేసి తల్లి మెడ పట్టుకుని ఆగిపోతే ఈయనా ఆగేవాడు, వరుసను అక్కడక్కడే తిప్పుతూ. ఆమె కదిలితే కదిలేవాడు. మగపెళ్ళివాళ్ళు టైమైపోతోందని కళ్ళెర్రజేసినా ఆయన చూపు పిల్ల మీదే.

అట్లాంటి మనిషికి పళ్ళు ఎదురు తిరిగాయి. షుగరు చాలాకాలంగా ఉంది, చిగుళ్ళు వదులైపోయాయి, పై వరుసలో ముందుపళ్ళన్నీ ఊగుతున్నాయి. క్లారినెట్‌కూ పళ్ళకూ ఏం సంబంధమని నేనూ అడిగాను. పై పళ్ళను మౌత్‌పీసు మీద ఆనించి, కింది పెదవిని మడిచి పట్టి ఊదాలట. ఊదినంతసేపూ ఆ అదురు పంటి కుదుళ్ళకు తగులుతూనే ఉంటుంది. మంచి పన్ను దాన్ని ఓర్చుకుంటుంది. చెడ్డ పన్ను ఓర్చుకోదు.

పళ్ళ డాక్టరమ్మ చూసి, ముందుపళ్ళన్నీ తీసేయాల్సిందే అంది. పుండు మానాక కట్టుడుపళ్ళు పెడతానంది. "పెట్టినంక వాయించొచ్చా మేడం?" అని నేనే అడిగాను, మామ అడగలేక నేలచూపులు చూస్తుంటే. కొందరు మళ్ళీ వాయిస్తారనీ, కొందరికి ఆ పట్టు ఇక కుదరదనీ, ముందుగా చెప్పలేననీ నిజాయితీగా చెప్పింది. కావాలంటే ఇంకో పెద్దాసుపత్రిలో కూడా చూపించుకోండి అంది. మామ లేచి నిలబడ్డాడు. "పండ్లూడగొట్టుకోనీకి ఏ రాయైతేంది" అన్నాడు. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆటోలో దారి పొడుగునా ఆయన, ఆసుపత్రికి కూడా వేసుకొచ్చిన ఆ కోటు గుండీలు పెట్టుకుంటూ తీసుకుంటూ కూర్చున్నాడు.

బ్యాండు సేఠ్‌కు ఈ కబురు చేరేసరికి పెళ్ళిళ్ళ రోజులు నెత్తి మీదకొచ్చి ఉన్నాయి. సేఠ్ మంచివాడే. మామను ఉస్తాద్ అనే పిలుస్తాడు, పండక్కి ఇంటికి షీర్ ఖుర్మా పంపిస్తాడు. కానీ దుకాణం దుకాణమే కదా. ఫలక్‌నుమాలో ఉండే ఒక క్లారినెట్ ఆయన్ను మాట్లాడుకున్నాడు. సైన్యం బ్యాండులో పనిచేసి వచ్చినవాడు. అందరూ ఫౌజీ అనే అంటారు. మంచి దమ్మున్న మనిషి. ఒక్కటే చిక్కు. సేఠ్ మా ఇంట్లో చాయ్ తాగుతూ ఆ చిక్కు చెప్పాడు.

"ఉస్తాద్, గా మనిషికి కాగజ్ కావాలె. కాగజ్ మీద ఎట్లుంటే అట్ల వాయిస్తడు, కమాల్ వాయిస్తడు. కాగజ్ లేకుంటే కాలు గూడ కదపడు. ఆప్‌కా బిదాయి పాట కాగజ్ మీద యాడుంది?"

యాడా లేదు. మామకు స్వరం రాయడం రాదు, చదవడం రాదు. ఆయన వాయించింది ఆయన వేళ్ళలోనే ఉంది. సేఠ్ వెళ్ళాక మామ చాయ్ గ్లాసులు ఏరి వంటింట్లో పెట్టాడు. అక్కడే అత్తమ్మతో అన్నాడు, "నా పండ్లతోని గది గూడ పోతదే."

నా నోరు ఊరుకోదు. చిన్నప్పుడు బళ్ళో కీబోర్డు నేర్పిన టీచరు ఐదు గీతల మీద స్వరాలు రాయడం నేర్పింది. అదంతా ఎప్పుడో అటకెక్కింది. అయినా, "నేను రాస్త మామా" అనేశాను. అన్నాక గానీ తెలియలేదు ఏం నెత్తికెత్తుకున్నానో.

చేత్తో రాస్తే కోడిగెలికినట్టు వచ్చింది. ఆఫీసులో ఒకామె చెబితే, సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దింపుకున్నాను. తెరిస్తే ఐదు గీతలు వస్తాయి. వాటి మీద స్వరాలు పెట్టుకుంటూ పోతే, స్పేస్ బటన్ నొక్కగానే వాయించి చూపిస్తుంది. వాయిస్తున్న చోటల్లా నీలిగీత ఒకటి కదులుతుంటుంది. ఏ వాద్యం కావాలంటే ఆ వాద్యం. మామ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"దీని సేఠ్ ఎవరు?"

"సేఠ్ లేడు మామా. యాడాడివాళ్ళో మస్తుమంది కలిసి చేసిన్రు. ఎట్ల చేసిన్రో గూడ అందరికి కనబడేటట్టు తెరిచిపెట్టిన్రు. ఎవరికి తోచింది వాళ్ళు బాగుచేసుడే."

"సేఠ్ లేని దుకాణం నడుస్తదా? తప్పు వాయిస్తే తిట్టేటోడెవడు?"

"ఎవరన్న తిట్టొచ్చు. తిట్టినోళ్ళే దిద్దొచ్చు గూడ."

ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. "గట్లయితే నేను తిడత, నువ్వు దిద్దు" అన్నాడు. మా పని పంపకం అక్కడే అయిపోయింది.

ఆఫీసు నుంచి వచ్చి చాయ్ తాగగానే మొదలుపెట్టేవాళ్ళం. ఆయన ఒక చిన్న ముక్క వాయించేవాడు, నేను రాసేదాన్ని, కంప్యూటర్ వాయించేది, ఆయన తిట్టేవాడు. అది వాయించే ముందు లెక్క కోసం టిక్కు టిక్కుమంటుంది. దాని మీద కూడా కోపమే. "పిల్ల గడప దాటుతుంటే గడియారం గొడతవా?" అని. ఆ టిక్కుల్ని ఆపేశాను. తర్వాత, స్వరం నుంచి స్వరానికి జారే చోట జారడం లేదన్నాడు. నిజమే, మెట్లు దిగినట్టు దిగుతోంది. ఎంత చెప్పినా దానికి ఎక్కదు. చెవిటోడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావన్నాడట, అట్లా ఉండేది మా వ్యవహారం. ఇటు కంప్యూటర్‌కు మామ బాధ తెలియదు, అటు మామకు కంప్యూటర్ బాధ తెలియదు, మధ్యలో నా మెదడు తినేవాళ్ళు.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళంతా ఒకరినొకరు సందేహాలు అడుక్కునే చోటు ఒకటి ఉంది. వచ్చీరాని ఇంగ్లీషులో అక్కడ నా గోడు రాసిపెట్టాను. పొద్దున లేచి చూస్తే ఎవరో ముక్కూమొహం తెలియనాయన, ఎక్కడ నొక్కాలో బొమ్మలు గీసి మరీ జవాబిచ్చాడు. ఆ జారుడు వచ్చేసింది. మామకు చెప్పాను.

"గాయన మన బ్యాండు విన్నడా?"

"యాడ వింటడు మామా. మంచు కురిసే దేశంల ఉన్నడు."

"మరెందుకు జెప్పిండు?"

 "ఊకెనే" అన్నాను. మామ ఆ మాటను రోజంతా నమిలాడు. సాయంత్రం గల్లీ చివర పాన్ డబ్బా దగ్గర అందరికీ చెప్పుకున్నాడట, మంచు దేశం ఆయన తన పాటకు సాయం పట్టాడని. ఆ రోజు నుంచి కంప్యూటర్‌ను తిట్టడం కొంచెం తగ్గింది.

అయినా ఏదో తక్కువైంది. అన్ని స్వరాలూ ఉన్నాయి, జారుళ్ళున్నాయి, కానీ మామ వాయించినట్టు లేదు. అది నీళ్ళ కొళాయిలా ఆగకుండా కారిపోతోంది. మామే కనిపెట్టాడు. "నేను ఆగిన కాడ అది ఆగుతలేదు. ఆగిన కాడల్లా రాయి" అన్నాడు. వెతికితే దానికీ ఒక గుర్తు ఉంది. గీతల పైన చిన్న కామా లాంటిది, ఇక్కడ ఊపిరి తీసుకోవాలని. ఎంతసేపు ఆగాలో కూడా మనమే పెట్టొచ్చు. మామను మళ్ళీ మళ్ళీ వాయించమని, ఆయన ఎక్కడెక్కడ పెదవి ఎత్తుతున్నాడో చూస్తూ గుర్తులు పెట్టాను. పొడుగాటి మొదటి పాదం నడుమనే చాలా పడ్డాయి. కొన్నిచోట్ల రవ్వంత ఆగేవాడు, కొన్నిచోట్ల ఎక్కువసేపు. ఒక్కొక్కదానికీ కొలత సరిచూశాను. నాకు నామీద చెప్పలేనంత మురిపెం కలిగింది.

మళ్ళీ వాయించి చూపితే మామ కళ్ళు మూసుకుని విన్నాడు. పాట అయిపోయాక నా తల మీద చెయ్యి పెట్టాడు. "గిప్పుడు నాలెక్క ఉన్నది బిడ్డా" అన్నాడు.  వంటింట్లోంచి అత్తమ్మ మాత్రం, "అయిందా మీ లొల్లి? అన్నం పెట్టాల్నా?" అని అరిచింది.

కాగితం అచ్చు తీసి ఇస్తే ఫౌజీ వచ్చి పట్టుకెళ్ళాడు. గుమ్మంలోనే నిటారుగా నిలబడి, రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకున్నాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో, ఇస్త్రీ నలగని చొక్కా, ఇస్త్రీ నలగని మనిషి. ఆ తర్వాత రెండురోజులకు మామ పళ్ళు తీయించుకున్నాడు.

పళ్ళు పోయాక మామ ముఖం మాకు కొత్తగా కనబడింది. పై పెదవి లోపలికి పోయి, వాళ్ళ నాన్న ఫొటోలా అయ్యాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని తిరిగేవాడు. మాట సరిగ్గా రాదని మాటలే తగ్గించాడు. క్లారినెట్ పెట్టెను తుడిచి గోడవారకు పెట్టాడు గానీ తెరవలేదు.

ఫౌజీ ఆ పాట మొదటిసారి వాయించింది మా పక్కగల్లీ పెళ్ళిలోనే. బట్టల దుకాణం వాళ్ళమ్మాయి, నాకు తెలిసినప్పటి నుంచి ఈ గల్లీల్లోనే పెరిగింది. మామ రానంటాడనుకున్నాను. వచ్చాడు. నేను, అత్తమ్మ, ఆయన ముగ్గురం ఎదురింటి మెట్ల మీద నిలబడ్డాం. బార్కస్ నుంచి వచ్చిన మర్ఫావాళ్ళ డప్పులు అప్పటిదాకా గోడలు అదరగొట్టి ఆగాయి. పెళ్ళికూతురు గడప దాటింది. అంతా నిశ్శబ్దమైంది. ఫౌజీ క్లారినెట్‌కు బిగించిన క్లిప్పులో నా కాగితం ఉంది. పాపం కాగితం చూడాలి, పిల్లను చూడాలి, వెనక్కి నడవాలి. డ్రమ్ము వాయించేవాడు వెనకాల నుంచి ఫౌజీ బెల్టు పట్టుకుని మోరీలు తప్పిస్తూ నడిపించాడు. నవ్వు రావాల్సిన దృశ్యమే గానీ, క్లారినెట్ ఎత్తుకున్నాక ఎవరికీ నవ్వు రాలేదు.

ఎంత బాగా వాయించాడని! నేను రాసిందంతా, ఒక్క పొల్లు పోకుండా. నేను గుర్తు పెట్టిన చోటల్లా ఆగాడు, నేను కొలిచినంతసేపే ఆగాడు. ఆగినప్పుడల్లా ఆ నిశ్శబ్దంలో పిల్ల తల్లి వెక్కిళ్ళు వినబడ్డాయి. ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేనూ ఏడ్చాను, సగం పిల్ల కోసం, సగం నా పనితనానికి. పక్కకు తిరిగి చూస్తే మామ లేడు. మొదటి పాదం అయ్యీ కాకముందే మెట్లు దిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంకొకడు వాయిస్తే విని ఓర్వలేకపోయాడనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. బాగా వాయించిండు గదా మామా అంటే దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. మర్నాడూ అంతే. సేఠ్ ఫోన్ చేసి, "ఉస్తాద్, పబ్లిక్ మొత్తం ఏడ్చిన్రు, సేమ్ మీలెక్కనే" అంటే, ఫోను అత్తమ్మ చేతిలో పెట్టేశాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట, ఇది అంతకంటే ఘోరం, మద్దెల బాగున్నందుకు అలిగాడు అని మా ఆయనతో అన్నాను. మా ఆయన క్రికెట్ చూస్తూ ఊఁ అన్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఫౌజీ వచ్చాడు. క్లారినెట్ పెట్టె ఒక చేతిలో, మెత్తగా పండిన బొప్పాయి ఇంకో చేతిలో. మామ పాదాలకు దండం పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, జేబులోంచి నా కాగితం తీసి విప్పాడు. అత్తమ్మ వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తోంది. రొట్టె తట్టే చప్పుడు వినబడుతూనే ఉంది.

"ఉస్తాద్‌జీ, ఒక్క మాట అడుగుదామని వచ్చిన. ఈ మొదటి లైన్‌ల, ఈడ, ఈడ, మల్ల ఈడ ఆగమని ఉంది. నాకు దమ్ము అయిపోలేదు. లోపల ఇంకా మస్తు ఉంది. అయినా రాసిందని ఆగుతున్న. ఇందుల భావం ఏంది? పెళ్ళికూతురు ఎక్కి ఎక్కి ఏడుస్తది కదా, గదేనా? గట్లనే అనుకొని వాయిస్తున్న. కరెక్టేనా కనుక్కుందామని."

మామ రుమాలు తీయలేదు. నేనూ ఆయనవైపే చూశాను. నిజానికి నేనూ ఆ ఏడుపనే అనుకున్నాను. అంతపొద్దూ కూర్చుని కొలిచిన నిశ్శబ్దాలు, వాటికి ఏదో లోతు ఉంటుందనే అనుకుంటాం కదా.

వంటింట్లోంచి అత్తమ్మ గొంతు వచ్చింది. "ఏడుపు గాదు, ఏం గాదు. గది పంటి నొప్పి."

రొట్టె తట్టే చప్పుడు ఆగలేదు. మాటా ఆగలేదు.

"మొదట్ల గట్ల ఆగకపోతుండె. నేను రొట్టె పెనం మీదేసి తిప్పేదాక ఒక్క దమ్ముల వస్తుండె గది. పండ్లు చెడ్డప్పటిసంది నడుమ నడుమ ఆగుడు పెట్టిండు. సలుపు ఎక్కువున్ననాడు ఎక్కువ ఆగుడు, తక్కువున్ననాడు తక్కువ ఆగుడు. గదంతా ఈ పిల్ల గీతలు గీసి పెట్టింది."

 ఫౌజీ కాగితం వంక చూశాడు, నేను నేల వంక. మామ రుమాలు పక్కన పెట్టి, బోసినోటితోనే వంటింటివైపు అడిగాడు. "మరి నాకెన్నడు జెప్పకపోతివి?"

"నొప్పి ఉన్నదని నువ్వెన్నడన్న జెప్పినవా, నేను జెప్పనీకి?"

అప్పుడర్థమైంది నాకు, పెళ్ళిలోంచి ఆయన ఎందుకు వెళ్ళిపోయాడో. కొద్దికొద్దిగా, ఏళ్ళ తరబడి వచ్చిన ఆగుళ్ళు అవి. వాయించేవాడికి అవి మొదట్నుంచీ ఉన్నవే అనిపిస్తాయి. నిండా పళ్ళూ, నిండా దమ్మూ ఉన్న మనిషి, ఏ కారణమూ లేకుండా పాదం నడుమ ఆగుతుంటే బయట నిలబడి విన్నాడు. అదేమిటో ఆయనకూ పేరు తెలియలేదు, పాటలో తప్పుందని మాత్రం తెలిసింది. అత్తమ్మ పేరు పెట్టింది.

"తీసెయ్యి" అన్నాడు నాతో.

ఫౌజీ అడ్డం పడ్డాడు. "వద్దు ఉస్తాద్‌జీ. జనాలకు గాడనే ఏడుపొస్తుంది. సేఠ్ గూడ గదే బాగుందంటుండు."

"నొప్పి నాది. వరుసది గాదు" అన్నాడు మామ. పళ్ళు లేక ఆ మాట సగమే బయటికి వచ్చింది గానీ మాకు పూర్తిగానే వినబడింది. "తీసెయ్యి బిడ్డా."

కంప్యూటర్ తెరిచాను. ఒక ఊపిరి గుర్తును ఎంచుకుని, ఇలాంటివన్నీ చూపించు అంటే, పాటంతా ఆ గుర్తులు ఒక్కసారిగా నీలంగా మారతాయి. ఇక ఒక్క బటన్ నొక్కితే చాలు.  నేను ఈ ఇంటికొచ్చాక విన్న మామ ఆ నీలం గుర్తుల మామే. ఇంకో మామ నాకు తెలియడు. ఎవరికీ చెప్పకుండా వేరే పేరుతో ఒక కాపీ దాచుకున్నాను, అది ఇప్పటికీ ఉంది. తర్వాత నొక్కాను. అన్నీ పోయాయి.

వాయించి చూపించాను. మొదటి పాదం ఎక్కడా తెగకుండా పొడుగ్గా సాగింది. అంత పొడుగని నాకే తెలియదు. రాసింది నేనే అయినా. మామ విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. "దానికేంది, దానికి దమ్ము తీసే పని లేదు. ఎంతసేపన్న వాయిస్తది" అని ఫౌజీవైపు తిరిగాడు. "నువ్వు వాయించు."

ఫౌజీ పెట్టె తెరిచి, క్లారినెట్ బిగించుకుని, ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఎత్తుకున్నాడు. సగం దాటాడు, ముప్పాతిక దాటాడు. ముఖం ఎర్రబడింది. మెడనరాలు ఉబ్బాయి. చివరి స్వరం ఇంకో రెండు అడుగుల దూరంలో ఉందనగా దమ్ము చాలక తెగిపోయింది. వంగి దగ్గాడు. సైన్యంలో పనిచేసిన మనిషి, పొద్దున్నే లేచి ఇప్పటికీ పరుగెత్తే మనిషి.

మామ ముఖం చూడాలి అప్పుడు. పళ్ళు తీయించుకున్నాక అంత సంతోషం ఆ ముఖంలో నేను చూడలేదు. ఫౌజీ దమ్ము చాలనందుకు ఆయనకెంత ఆనందమో, దాచుకుందామన్నా దాగలేదు. ఓర్వలేనితనమని నేను అనుకున్నది పూర్తిగా తప్పేం కాదు. ఆయన మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టింది.

"మెల్లగ పీల్చు. కడుపులకు పీల్చు, రొమ్ములకు గాదు" అన్నాడు మామ. లేచి వెళ్ళి ఫౌజీ పొట్ట మీద చెయ్యి పెట్టాడు. "ఊఁ. గిప్పుడు."

ఫౌజీ రెండోసారి ఎత్తుకున్నాడు. మామ కూడా ఆయనతో పాటు గాలి పీల్చి బిగబట్టాడు. చెయ్యి ఫౌజీ పొట్ట మీదే ఉంది. పాదం సాగుతోంది, సాగుతోంది, ఎక్కడా తెగడం లేదు. వంటింట్లో రొట్టె చప్పుడు ఆగిపోయిందని ఆలస్యంగా గమనించాను. అత్తమ్మ పిండిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చివరి స్వరం వచ్చింది, నిలబడింది, మెల్లగా జారి ఆగింది. మామ, ఫౌజీ ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

ఇదేనా అని ఆమెను అడగాలి. మా నలుగురిలో దాన్ని బయట నుంచి పూర్తిగా విన్న మనిషి, గుర్తున్న మనిషి ఆమె ఒక్కతే. మేము ముగ్గురం ఆమెవైపు తిరిగాం. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేతుల నిండా పిండి. నన్నూ ఫౌజీనీ చూడలేదు. మామ వైపే చూస్తూ అంది, "మల్లొక్కసారి వాయించమను."